తలుపు కింద కాగితం

మొక్కజొన్న పిండి అరచేతుల్లో తట్టి రొట్టె పెనం మీద వేస్తుండగా తలుపు దబదబా మోగింది. నాకు ముందుగా గుర్తొచ్చింది మా ఆయన ఎలొహియో మాట. "కాగితాల్లేనిదానికి హక్కులేంటే? నా గ్రీన్‌కార్డు నీడన పడున్నావు, నోరు మూసుకో." పదకొండేళ్ళుగా ఈ హ్యూస్టన్‌లో ఊళ్ళోవాళ్ళ ఇళ్ళు తుడిచి, వచ్చి మా ఇల్లు తుడిచి, అతనికీ అత్తకీ వండిపెడుతూ ఈ మాటే పడ్డాను. శనివారాలు చర్చి హాల్లో మాలాంటివాళ్ళ హక్కుల గురించి లాయరమ్మ చెప్పే పాఠాలకు బయల్దేరితే, "అబ్బో, జడ్జిగారు వెళ్తున్నారు, దారివ్వండి!" అని అత్త ఎగతాళి. అయినా వెళ్ళాను. ఒక్క వారం మానలేదు.

"పోలీస్! నికొలాసా ఉందా? తలుపు తీయండి!"

నా పేరే. కిటికీ సందులోంచి చూశాను. మామూలు పోలీసులు కాదు, ఇమిగ్రేషన్ వాళ్ళు, నలుగురు.

మా గ్వాతెమాలా పల్లెలో తలుపు తడితే, ఎవరో చూడకుండానే "లోపలికి రండి" అనాలి. అనకపోతే ఇంటికి తలవంపులు. అలవాటు కొద్దీ అత్త ఆ మాట అనబోయింది. పిండి చేత్తోనే ఆవిడ నోరు మూసేశాను. ఆ ఒక్క మాటంటే చాలు, చట్టం దృష్టిలో మనమే రమ్మన్నట్టు లెక్క.

ఎలొహియో గడియ దగ్గరికి పరిగెత్తాడు. "తీసేద్దామే! వాళ్ళకి కోపమొస్తే నా కార్డు కూడా పోతుంది!"

"తీశావంటే ఊరుకోను," అన్నాను. నా గొంతేనా అది! బయటికి వినబడేలా అరిచాను. "జడ్జి సంతకం పెట్టిన వారెంటు కాగితం ఉంటే తలుపు కిందనుంచి తొయ్యండి!"

కాగితం వచ్చింది. నా పేరుంది. సంతకం మాత్రం జడ్జిది కాదు, వాళ్ళ ఆఫీసరుది. "ఇంట్లోకి రావడానికి ఇది చెల్లదు. తలుపు తియ్యను," అన్నాను.

గంటసేపు కారులో కూర్చుని వెళ్ళిపోయారు. రేపు వీధిలో పట్టుకోవచ్చు, ఆ సంగతీ తెలుసు. అయినా నన్ను చూసుకుని నాకే ఎంత గర్వమేసిందో!

అత్త మూతికంటిన పిండి తుడుచుకుంది. ఎలొహియో అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు. "ఎంత పొగరే నీకు! ఆ చర్చి పాఠాలు ఇవాళ్టితో బంద్."

మాడిపోయిన రొట్టె తీసి పారేశాను.

"తలుపు తియ్యనని చెప్పే హక్కు ఈ దేశపు రాజ్యాంగం పౌరులకే కాదు, మనుషులందరికీ ఇచ్చింది. తుపాకులున్నవాళ్ళే నన్ను మనిషినని ఒప్పుకుని గడప బయట ఆగారు. ఇంక ఒప్పుకోవాల్సింది నువ్వొక్కడివే."