మైకాయన పాడిన లైను

మైకుల తలల మీది జాలీలు విప్పి పాత బనీను గుడ్డతో తుడుస్తున్నాడు మైకాయన. ప్రార్థన చదివే పిల్లలు మైకును చూసి భయపడి మూరెడు దూరంలో నిలబడతారు. ముఖ్య అతిథులు దాన్ని దాదాపు నోట్లో పెట్టుకుని మాట్లాడతారు. అందుకని అతిథుల మైకుకే పని ఎక్కువ. తుడిచి, ఊది, జాలీ బిగించి, "హలో" అని ఒక్కసారి అన్నాడు. హాలు చివర గోడకున్న స్పీకరు అదే మాట కాస్త బొంగురుగా అంది. అంతకు మించి మైకులో మాట్లాడే అలవాటు అతనికి లేదు.

కాగితాల మీద అతను అటెండరు. బెంచీలు సర్దుతాడు, గంట కొడతాడు, నీళ్ళ ట్యాంకు నిండిందో లేదో చూస్తాడు. స్టేజీ మెట్ల పక్క ఇరుకు గదిలో ఉన్న ఆంప్లిఫయరూ, స్పీకర్లూ, చుట్టలు చుట్టిన వైర్లూ అతనికి తప్ప ఎవరికీ లొంగవు కాబట్టి టీచర్లకు మైకాయన అయ్యాడు, పిల్లలకు మైకంకుల్ అయ్యాడు. సన్నటి మనిషి. జేబులో స్క్రూడ్రైవర్ల బరువుకు చొక్కా ఎప్పుడూ ఎడమవైపు కిందికి జారి ఉంటుంది. ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తికాకముందే "సరేనండీ" అనేస్తాడు. ఆ మాట వల్లే ఉద్యోగం నిలిచిందని అతని నమ్మకం. ఆ మాట వల్లే ఇంకేమీ కాలేకపోయాడని భార్య నమ్మకం.

కిటికీ దగ్గర కూతురు నిలబడింది. అదే స్కూల్లో పదో తరగతి. రెండు జడలు, పైవరసలో ఒక పన్ను కాస్త వంకర.

"నాన్నా, ఇవాళే కదా పాటలు వినేది?"

"ఇవాళే. నువ్వు క్లాసుకు పో."

"మా పాట వచ్చినప్పుడు నువ్వేం చెప్పకు. వార్షికోత్సవం రోజు డాన్సు అయ్యాక నేనే మైకులో చెబుతాను, ఆ గొంతు మా నాన్నదని. అమ్మక్కూడా చెప్పలేదు."

"ఎందుకే ఆ ఆర్భాటం," అన్నాడు గాని మొహంలో నవ్వు ఆగలేదు. జాలీ బిగించినదాన్నే మళ్ళీ విప్పి బిగించాడు.

పెళ్ళికి ముందు అతను ఒక ఆర్కెస్ట్రాలో కోరస్ పాడేవాడు. కోరస్ అంటే వెనక వరసలో నిలబడి ఆహా, ఓహో అనటం. ఒకసారి ఏదో కంపెనీ సరదాపాటల క్యాసెట్టు చేస్తూ వీళ్ళను స్టూడియోకు పిలిపించింది. ఒక పాటలో రెండో గొంతు పాడవలసినవాడికి జ్వరం వచ్చింది. స్టూడియో ఆయన కోరస్ వరసలోకి చూసి, "నువ్వు రావయ్యా, ఈ ఒక్క లైనూ అను. కాస్త తాగినవాడిలా అను," అన్నాడు. మైకాయన జన్మలో మందు ముట్టలేదు. మేనమామ ఎలా మాట్లాడతాడో గుర్తు చేసుకుని, మధ్యలో చిన్న నవ్వు చేర్చి పాడాడు. మొదటిసారికే బాగుందన్నారు. ఆ క్యాసెట్టు కొన్నాళ్ళు బస్సుల్లోనూ కొట్లలోనూ మోగింది. అట్ట మీద అతని పేరు లేదు. తరవాత ఆర్కెస్ట్రా మూతపడింది, పెళ్ళయింది, ఈ ఉద్యోగం దొరికింది.

పాట ఇంతే. బయట వానలో ఒకడు నిలబడి, "తలుపు తియ్యవే, తడిసిపోతున్నా" అంటాడు. లోపలి ఆడగొంతు, "తడిసినవాడికి లోపలేం పని" అంటుంది. అప్పుడు బయట్నుంచి మైకాయన లైను: "గడియైనా నా మాట వింటుంది, నువ్వే వినవు."

ఇంట్లో ఆ లైను పొద్దున్నే పనికొచ్చేది. ఒక్కటే స్నానాలగది. లోపల ఎవరున్నా బయట మైకాయన తలుపు కొట్టి తన లైను పాడేవాడు. కూతురికి మాటలు వచ్చిన కొత్తలో లోపల్నుంచి, "తడిసినవాడికి లోపలేం పని" అని అరిచేది. తడిసింది తనేనన్న సంగతి దానికి పట్టేది కాదు. "ఆ లైను పాడినందుకేనా మావాళ్ళు నన్నిచ్చింది," అని భార్య దెప్పేది. అతని సంగీతమంతా అక్కడికి వచ్చి ఆగింది. దాని గురించి అతనికి పెద్ద దిగులూ లేదు.

మధ్యాహ్నం ముందు ప్రిన్సిపాలు గదిలోకి చిన్న స్పీకరు మోసుకెళ్ళి ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. ప్రిన్సిపాలు, తెలుగు మాస్టారు, డ్రిల్లు మాస్టారు అప్పటికే కూర్చుని ఉన్నారు. వార్షికోత్సవం పాటల ఈ వడపోతకు కారణముంది. కిందటేడు రెండో తరగతి పిల్లలు ఏదో పాటకు నడుములు ఊపితే, ఎవరి తండ్రో ఫోనులో తీసి అందరికీ పంచాడు. ఆ తరవాత చాలా రోజులు ప్రిన్సిపాలు ఫోను మోగితే ఉలిక్కిపడేది. ఇంట్లో తన అత్తగారు కూడా ఆ వీడియో చూసిందట. ఆవిడ చెడ్డమనిషి కాదు, బాగా బెదిరిన మనిషి.

పద్ధతి తెలుగు మాస్టారు కనిపెట్టాడు. రాగంతో వింటే మోసపోతాం కాబట్టి ఒక్కో లైనూ వేసి ఆపాలి. ఆయన దాన్ని మామూలు మాటలుగా చదువుతాడు. తల్లిదండ్రుల ముందు అనదగ్గ మాటయితే పాట ఉంటుంది, లేకపోతే లేదు.

మైకాయన వేశాడు, ఆపాడు.

"నీ చూపు తగిలి నా మనసు జారింది," అని హాజరు పిలిచినట్టు చదివాడు మాస్టారు.

"ఎక్కడికి జారిందట?" అంది ప్రిన్సిపాలు.

"చెప్పలేదు మేడమ్."

"తీసేయండి."

తరవాత రైలు పాట. "ఎక్కండి, ఎక్కించుకోండి, సర్దుకుని కూర్చోండి," అని చదివాడు.

"ఎవర్ని?"

"ప్రయాణికుల్ని అనుకుంటాను మేడమ్."

"అనుకుంటే కుదరదండీ. రేపు తల్లిదండ్రులేమనుకుంటారో."

రైలు వెళ్ళిపోయింది. మూడో తరగతి పిల్లల రక్తం మరగటం బాగుండదని ఒక దేశభక్తి పాట కూడా పోయింది. చెట్లు నాటే పాట ఒక్కటి నిలబడింది. అది ఏటా నిలబడుతుంది. మైకాయన తల వంచుకుని లోలోపల నవ్వుకుంటున్నాడు. తన వంతు వచ్చేదాకా ఇదంతా అతనికి మంచి వినోదమే.

"పదో తరగతి అమ్మాయిలది," అన్నాడు డ్రిల్లు మాస్టారు.

వేశాడు. ఆపాడు.

"తలుపు తియ్యవే, తడిసిపోతున్నా," అని చదివాడు మాస్టారు. డ్రిల్లు మాస్టారు పైకప్పు వంక చూసి కిసుక్కుమన్నాడు. ప్రిన్సిపాలు మొహం ముడుచుకుంది. రెండో లైను చదివాక గదిలో ఎవరూ ఎవరి వంకా చూడలేదు. మైకాయన మూడోసారి మీట నొక్కాడు.

తన గొంతు వచ్చింది. ఆ గొంతుకింకా పెళ్ళి కాలేదు, ఉద్యోగం రాలేదు, అది ఎవరికీ సరేనండీ అనలేదు. నవ్వు కూడా ఉన్నచోటే ఉంది. అతని చెవులు వేడెక్కాయి.

"ఆపవయ్యా," అంది ప్రిన్సిపాలు. "ఎవడు వీడు, పట్టపగలే తాగొచ్చి పాడినట్టున్నాడు."

ఆపాడు. నేనే మేడమ్ అన్న మాట గొంతుదాకా వచ్చింది. నవ్వుతూ ఆ మాట అనేస్తే గదిలో అందరూ నవ్వేవాళ్ళేమో. పాట పోతే పోయేది, పరువు పోయేది కాదు. అదంతా అతనికి తరవాత తోచింది. అప్పుడు మాత్రం ఎదురుగా ఆవిడ ముక్కు చిట్లించుకుని ఉంది, డ్రిల్లు మాస్టారు పెదాలు బిగబట్టుకుని ఉన్నాడు.

"నీకు పాత పాటలు తెలుసుగా. ఎలాంటి పాటయ్యా ఇది?"

"మంచి పాట కాదు మేడమ్," అన్నాడు మైకాయన. "మందు కొట్ల ముందు వేసేవాళ్ళు."

మందు కొట్ల మాట అతన్ని ఎవరూ అడగలేదు.

"ఇచ్చిందెవరు?"

తెలుగు మాస్టారు కాస్త నసిగాడు. "ఈయన అమ్మాయే మేడమ్."

"ఏమయ్యా, ఇంట్లో ఇలాంటివి వింటారా?"

"అయ్యో, లేదు మేడమ్. ఎక్కడ నేర్చుకుందో."

కూతుర్ని పిలిపించారు. లోపలికి వచ్చి ల్యాప్‌టాప్‌నూ, స్పీకరునూ, తండ్రినీ చూసి, సంగతి తెలిసిపోయిందనుకుని నవ్వింది. వంకర పన్ను కనబడింది. ప్రిన్సిపాలు మొహం చూశాక పెదవులు మూసుకుంది.

"ఎక్కడ విన్నావమ్మా ఈ పాట?"

అమ్మాయి తండ్రి వంక తిరిగింది. మైకాయన స్పీకరు వైరు మొన సరిగా కూర్చుందో లేదో చూస్తున్నాడు. లాగాడు, పెట్టాడు, మళ్ళీ లాగాడు. అమ్మాయి చాలాసేపు ఎదురుచూసింది. ఆ చూపు తన మెడ మీద ఉన్నట్టు అతనికి తెలుస్తూనే ఉంది.

"బస్సులో విన్నాను మేడమ్."

ఆ పిల్ల బస్సెక్కి స్కూలుకు వచ్చిన రోజు లేదు. రోజూ తండ్రి సైకిలు వెనక కూర్చునే వస్తుంది, ఆ గదిలో ఉన్న ముగ్గురూ రోజూ చూస్తూనే ఉంటారు. ఎవరికీ స్ఫురించలేదు.

"పాపం, మీ నాన్న ఎంత సిగ్గుపడుతున్నాడో చూడు," అంది ప్రిన్సిపాలు.

"చూశాను మేడమ్," అంది అమ్మాయి.

వేరే పాట ఇస్తాం, దానికి చేయండన్నారు. మిగతావాళ్ళు చేస్తారు మేడమ్, నేను చేయనని నెమ్మదిగానే చెప్పి, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసి, చూసి, పెట్టేశాడు మైకాయన. గంట కొట్టవలసిన వేళకు కొట్టాడు. సిగ్గు అతనికి కొత్త కాదు. బెంచీలు మోస్తుంటే పాత ఆర్కెస్ట్రావాడు ఎవరైనా ఎదురైతే సిగ్గు, చిరిగిన చెప్పుకు సిగ్గు. అవన్నీ ఒంటి మీద దుమ్ములాంటివి, దులుపుకుంటే పోయేవి. ఇది అలా లేదు. తాగుబోతు గొంతని ఆవిడ అన్నందుకు అతనికి ఇప్పుడేమీ అనిపించటం లేదు. తన బిడ్డ తన కోసం అబద్ధమాడుతుంటే తను వైరు మొన చూస్తూ నిలబడ్డాడు, అది పోవటం లేదు.

చివరి పీరియడులో ధైర్యం చేసి ప్రిన్సిపాలు గది తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ పాటలో గొంతు నాది మేడమ్, పిల్లది తప్పు లేదు. వరండా పొడుగునా ఈ రెండు ముక్కలే అనుకుంటూ వచ్చాడు. ఆవిడ ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది, ఈసారి అన్ని పాటలూ దగ్గరుండి విన్నామని నచ్చజెబుతోంది. ఫోను పెట్టి తలెత్తింది.

"ఏంటి?"

"హాలు చివరి స్పీకరు బొంగురుపోతోంది మేడమ్. వైరు మార్చాలి."

"మార్చు."

"సరేనండీ."

చివరి గంట కొట్టి, హాల్లోకి వెళ్ళి వైరు మార్చటానికి స్టూలెక్కాడు. వైరు బాగానే ఉంది. స్టేజీ మీద కూతురి స్నేహితురాలు ఒకతి తెల్లకాగితాలూ, జిగురు డబ్బాలూ ఏరి సంచిలో వేసుకుంటోంది. పక్కన పాతకాలపు పెద్ద గొడుగొకటి తెరిచి ఉంది.

"అంకుల్, ఈ ఇల్లు ఎక్కడ పెట్టమంటారు?"

"ఇల్లేంటమ్మా?"

"ఇదేనంకుల్, మా డాన్సులో ఇల్లు." గొడుగు ఎత్తి చూపించింది. నల్లగుడ్డ మీద కిటికీలూ పెంకులూ కాగితంతో కత్తిరించి అతికించారు. "మేం ముగ్గురం దీని కింద నక్కి నిలబడతాం. మీ అమ్మాయి బయట తడుస్తూ తలుపు కొడుతుంది. మేం తీయం. చివర్లో గాలికి ఇల్లే ఎగిరిపోతుంది, అందరం తడుస్తాం. ప్రాక్టీసులో చూసి చిన్నపిల్లలు పడీపడీ నవ్వారంకుల్."

మైకాయన స్టూలు దిగాడు. డాన్సు ఎలా ఉంటుందని పొద్దుట్నుంచి ఎవరూ అడగలేదు. అతనూ అడగలేదు.

"మధ్యలో నవ్వుతూ ఒకాయన లైనొకటి వస్తుంది కదంకుల్. దానికి స్టెప్పు లేదు. మేమంతా ఆగి మీ గది వైపు చెయ్యి చూపించాలంది. ఎందుకే అంటే ఆరోజు చెబుతానంది."

"ఎక్కడుంది తను?"

"ఎప్పుడో వెళ్ళిపోయిందిగా. ఇది పారేయమంది. నాకు మనసొప్పలేదు." గొడుగును అతని చేతిలో పెట్టి ఆ పిల్ల సంచి భుజాన వేసుకుంది.

గొడుగు తన గదిలో పెట్టి గబగబా సైకిళ్ళ షెడ్డుకు వెళ్ళాడు. రోజూ కూతురు సైకిలు పక్కన నిలబడి బెల్లు మోగిస్తూ ఉండేది. ఎవరూ లేరు. సన్నగా జల్లు మొదలైంది.

"మీ అమ్మాయి నడిచి పోయిందయ్యా," అన్నాడు గేటు దగ్గర వాచ్‌మన్. "నాన్న వస్తాడు, ఆగమ్మా అన్నాను. నాన్నకు పనుందిలే, రేపట్నుంచి బస్సుకే వస్తాను అంది. మంచి పిల్ల. నవ్వుతూనే చెప్పింది."

మైకాయన సరే అన్నాడు. రోడ్డు చివరిదాకా చూశాడు. గొడుగులు వేసుకున్నవాళ్ళూ వేసుకోనివాళ్ళూ పోతున్నారు, ఆ రెండు జడలు మాత్రం లేవు. గదికి తాళం వేయటం మరిచినట్టు గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు.

గదిలో ఆంప్లిఫయరు పక్కన గొడుగు తెరిచే ఉంది. కిటికీలకు పసుపు రంగు వేశారు. ముందుభాగంలో అట్టముక్కతో చిన్న తలుపు చేసి, అది నిజంగా తెరుచుకునేలా దారంతో కుట్టి, దానికి కూతురి జడపిన్నునే వంచి గడియ పెట్టారు.