రెండో భాగం లేని నవల

మనవరాలు సంచి సర్దుకుంటోంది. నాలుగు జతల బట్టలు, తెల్ల కోటు, పాత పేపరులో చుట్టిన చెప్పులు. వేరే ఊళ్ళో ఆసుపత్రి, రక్తపరీక్షలు చేసే గదిలో ఆరు నెలల ఉద్యోగం. నేను జిప్పు అటూ ఇటూ లాగి చూశాను. దారి మధ్యలో ఊడిపోతే?

"జిప్పు బాగానే ఉంది అమ్మమ్మా. నాలుగు మంచి ప్రేమ నవలలు చెప్పు. ముప్పై ఏళ్ళు అద్దె పుస్తకాల కొట్టు నడిపావుగా."

"ప్రేమ నవలల్లో మంచివి కూడానా!"

కొట్టు మూసేశాక మిగిలినవన్నీ బీరువాలోనే ఉన్నాయి. ఒక్కొక్కటే తీశాను.

"ఇది పోట్లాటతో మొదలయ్యే రకం. మొదటి అధ్యాయంలో చెంపదెబ్బ, పదో అధ్యాయంలో ముద్దు. మీ తాతయ్యా నేనూ నలభై ఏళ్ళు పోట్లాడుకున్నాం. ఆ పదో అధ్యాయం మాకు రానేలేదు."

అది పకపకా నవ్వింది.

"ఇందులో యజమాని, టైపిస్టు పిల్ల. వాడికి ముక్కు మీద కోపం, విశాలమైన ఛాతీ. పని మాత్రం ఒక్కరూ చెయ్యరు. ఆ కంపెనీ ఎలా నడిచిందో రాసినామెకే తెలియాలి."

"మరి ఇది?"

"ఉత్తుత్తి పెళ్ళి. ఆస్తి కోసం మొగుడూ పెళ్ళాల్లా నటిస్తారు. పన్నెండు గదుల బంగళాలో రెండో మంచానికి కరువొచ్చింది."

"రాజుల కాలం నాటివి?"

"రాకుమారుడు మారువేషంలో వస్తాడు. తలపాగా తీసేదాకా ఆవిడ గుర్తుపట్టదు. పక్కింటి పిల్లి కూడా గుర్తుపడుతుంది."

"దయ్యాన్ని ప్రేమించేవి కూడా ఉన్నాయటగా?"

"అది కాస్త నయం. వాడు ఇల్లు వదిలి ఎక్కడికీ పోడు."

"పోనీ, విడిపోయి మళ్ళీ కలిసేవి?"

ఆ వరస దగ్గర నా చెయ్యి ఆగింది.

"అన్నీ కాకమ్మ కబుర్లు. ఇరవై ఏళ్ళకి తలుపు తట్టి నవ్వుతూ నిలబడతాడు. ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావురా అని ఒక్కతీ అడగదు. వాడి జుట్టు కూడా నెరవదు. అవి చదివితే వెళ్ళిపోవడమంటే భయం పోతుంది. నీకు ఇవ్వను."

"ఆరు నెలలేనే అమ్మమ్మా!"

"వెళ్ళేవాళ్ళంతా అదే అంటారు."

అడుగు అరలోంచి, అట్ట ఊడితే తెల్లదారంతో కుట్టుకున్న పుస్తకం తీసి దాని చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిరగేసింది.

"ఇది మొదటి భాగమే! నేను తిరిగి రావాలని రెండోది దాచేశావు కదూ? గడుసుదానివే. ఫోన్లో వెతుక్కుంటాలే."

"వెతుక్కో. నేను వెతకని చోటు లేదు."

నేను బడికి పోలేదు. దర్జీ కొట్లో బొత్తాలు కుట్టేదాన్ని. మా అక్క పక్కన కూర్చుని ఈ పుస్తకం పైకి చదివేది. అక్క వెళ్ళిపోయాక, చెవిలో ఉండిపోయిన మాటల్ని ఒక్కొక్క పంక్తి మీదా వేలు పెట్టి పోల్చుకుంటూ అక్షరాలు నేర్చుకున్నాను. రెండో భాగం అక్క సంచిలో పోయింది.

"మరి కథ ఏమవుతుంది?" మనవరాలు అడిగింది.

"తెలీదు. అతను రైలెక్కి 'వస్తాను' అంటాడు. నాకు తెలిసిన కథ అంతే."

"చదివేసి పోస్టులో పంపిస్తాను."

"పోస్టులో వద్దు. నీ చేత్తో తెచ్చి నా చేతిలో పెట్టు."

దాని నవ్వు ఆగింది. పుస్తకాన్ని తెల్ల కోటులో చుట్టి, బట్టల మధ్యన పెట్టి జిప్పు మూసింది. నేను మళ్ళీ ఒకసారి లాగి చూశాను.

అక్క వెళ్ళింది కుట్టుమిషన్లు అమ్మేవాడి వెంట. వాడికి విశాలమైన ఛాతీ కూడా లేదు. వాళ్ళమ్మని చూసి ఆదివారానికల్లా వచ్చేస్తానని, మిగతా కథ అప్పుడు చదివి వినిపిస్తానని చెప్పింది. డెబ్బై రెండు నవంబరు, మొదటి గురువారం, పొద్దున ఏడుంపావు బస్సు. అక్క మళ్ళీ రాలేదు.