షాఫ్టు మీద బాణాలు

సీనివాసన్ టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకోవడం మొదలుపెట్టి రెండు నెలలైంది. ముందు గమనించింది భార్య గోమతి. తర్వాత గమనించింది కూతురు సత్యప్రియ. గోమతి ఊరుకుంది, సత్యప్రియ ఊరుకోలేదు.

"నాయనా, నీ చేతులు వణుకుతాండాయి. డాక్టర్‌కి చూపించుకో. అంతదాకా బండి నేను తీస్తాను," అంది. ఆమె డ్రైవింగ్ నేర్చుకున్నది నాయన తోలే పికప్పు బండి మీదే.

"వణికేది చేతులు కాదు, బండి. స్పీడు నలభై దాటితే సీటు ఆడుతుంది, గేర్ రాడ్ ఆడుతుంది, నీళ్ల బాటిల్ ఆడుతుంది. స్టీరింగ్ పట్టిన చేతులు ఆడకుండా ఎట్ల ఉంటాయి?"

"బండి దిగినాక కూడానా?"

"పొద్దంతా దాంట్లో కూర్చొని చూడు, తెలుస్తుంది."

అందులో కొంత నిజం లేకపోలేదు. బండి వయసు ఇరవై రెండేళ్లు. ఇంజన్ తిప్పే తిప్పును వెనక చక్రాలకు అందించే పొడుగాటి షాఫ్టు అరిగిపోయిందని మెకానిక్ ఎప్పుడో చెప్పాడు. రోజూ పొద్దున ఆరింటికి చోళపురంలో వీరమ్మాళ్, ఇంకో ఆరుగురు ఆడవాళ్లు ఆ బండి వెనక ఎక్కి మంసాపురం దగ్గర మామిడితోటకు పనికి పోతారు. వాళ్లు దానికి ఊయల అని పేరు పెట్టారు. పోయిన వారం వీరమ్మాళ్ గోమతి దగ్గరకు వచ్చి, నవ్వుతూనే ఒక మాట చెప్పింది. "అక్కా, నిన్న ఊయల మమ్మల్ని కాలవలోకి తోయబోయినాది. చక్రం తారు దిగి, మళ్లీ ఎక్కినాది. అన్న ఏమీ చెప్పలేదా?"

అన్న ఏమీ చెప్పలేదు.

షాఫ్టు మార్చే పనిని సీనివాసన్ ఈ వారం, వచ్చే వారం అంటూ జరుపుతూ వచ్చాడు. షాఫ్టు మారితే ఏం తేలిపోతుందో ఇంట్లో ముగ్గురికీ తెలుసు. చివరికి గురువారం పొద్దున బండి కింద ఇనుము అరిచినట్టు అరిచింది. ఇక వాయిదా వేయడం కుదరలేదు.

"మెకానిక్ షెడ్డుకు నువ్వెందుకే?" అన్నాడు.

"టైలర్ దగ్గర పని ఉండాది," అని గోమతి ఎక్కి కూర్చుంది. టైలర్ దగ్గర ఆమెకు ఏ పనీ లేదు.

ఆరోక్కియరాజ్ షెడ్డు రాజపాళయంలో తెన్‌కాశి రోడ్డు మీద ఉంది. ముప్పై ఏళ్లుగా తెలుగు ఇళ్ల బళ్లు చూసి చూసి, అతనికి తెలుగు సగం సగం అబ్బింది. గోడకు సిలువ, దాని కింద గిన్నెలో నిమ్మకాయలు. అవి అతనికి కాదు, బాగుచేసిన బండిని చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తేగానీ తీసుకుపోని వాళ్లకు.

అతను బండి కిందికి దూరి బోల్టులు విప్పి, పాత షాఫ్టును బయటికి లాగాడు. కీలు దగ్గర పట్టుకుని ఊపాడు. గలగలమంది.

"అన్నాచ్చి, ఇది జాయింటా, కోవిల్ గంటా?"

"ఏదైతేనేం, నన్ను ఇంతకాలం మోసినాది," అన్నాడు సీనివాసన్.

కొత్త షాఫ్టు రెండు ముక్కలుగా వచ్చింది. ఒకదాని పళ్ల కొస రెండోదాని గొట్టంలో దూరాలి. రెండింటి మీదా చిన్న బాణం గుర్తు పొడిచి ఉంది. ఆరోక్కియరాజ్ పళ్లకు గ్రీజు పూస్తుండగా, ఒక షేర్ ఆటో వచ్చి షెడ్డుకు అడ్డంగా ఆగింది. ఆ డ్రైవరును తిడుతూ, అటే చూస్తూ, ఒక ముక్కను రెండో ముక్కలోకి దూర్చాడు.

ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్న గోమతికి రెండు బాణాలూ కనబడ్డాయి. ఒకదానికి ఒకటి ఎదురుగా లేవు. మధ్య రెండు వేళ్ల ఎడం ఉంది. సత్యప్రియ చిన్నప్పుడు స్కూల్ యూనిఫాం జేబు మీది గళ్లు చొక్కా గళ్లతో కలవలేదని టైలర్ చేత మూడుసార్లు విప్పించి కుట్టించిన మనిషి ఆమె. కానీ ఇది బట్ట కాదు, ఇనుము. కుట్టేది ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నవాడు. ఆమె భర్త వైపు చూసింది. ఆయన షాఫ్టు పక్కనే వంగి నిలబడి, కళ్లద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకుంటున్నాడు. తుడవడం చాలాసేపు పట్టింది. ఈలోగా షాఫ్టు బండి కిందికి పోయింది.

నిమ్మకాయ నలిగింది. ముగ్గురూ ముందు సీట్లో ఎక్కారు, సీనివాసన్ తోలాడు. ముప్పై దాకా బాగానే ఉంది. నలభైకి రాగానే కాళ్ల కింద పాత గొణుగుడు మొదలైంది. బాటిల్‌లో నీళ్లు ఎప్పటిలాగే ఎగిరాయి.

ఆరోక్కియరాజ్ ముఖం వాడిపోయింది. సీనివాసన్ ముఖం మాత్రం జ్వరం దిగినవాడి ముఖంలా తేటపడింది.

"చెప్పినానా? షాఫ్ట్ ఒకటే కాదు, ఇంకా ఏమో ఉండాది. నిదానంగా చూద్దాం రాజ్, తొందర ఏముంది?"

షెడ్డుకు తిరిగి రాగానే కూతురికి ఫోన్ చేశాడు. "సత్యా, మార్చినాం. ఇంకా ఆడతానే ఉండాది. ఆమా, అవును, బండే."

ఎన్నాళ్లయిందో ఆ గొంతులో అంత హుషారు విని. తను నోరు మూసుకుంటే ఆ హుషారు ఇంకో ఆర్నెల్లు నిలుస్తుందని గోమతికి తెలుసు. ఆర్నెల్లూ వెనక ఏడుగురు కూర్చుంటారు. కాలవ ఎక్కడికీ పోదు.

"తంబీ, ఆ బాణాలు ఒకదానికొకటి ఎదురుగా ఉండొద్దా?" అంది.

"ఏ బాణాలక్కా?"

ఆమె బండి కిందికి వేలు చూపించింది. ఆరోక్కియరాజ్ పాతగుడ్డ పట్టుకుని బండి కిందికి దూరాడు. గ్రీజు తుడిచి చూశాడు. బయటికి వచ్చి నేల మీద కూర్చుండిపోయాడు.

"అక్కా, రేపటి నుంచి షెడ్డు సావి, తాళంచెవి, మీ చేతికి. నేను మీ ఇంట్లో ఇడ్లీ పోస్తాను."

"నీ ఇడ్లీ ఎవరు తింటారు?" అన్నాడు సీనివాసన్. ఫోన్ జేబులో పెట్టుకుని రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

విప్పి, బాణం ఎదుట బాణం పెట్టి బిగించడానికి అరగంట పట్టింది. రెండో నిమ్మకాయ తెచ్చి, దీనికీ డబ్బు తీసుకోనన్నాడు ఆరోక్కియరాజ్. ఈసారి ట్రయల్‌కు వాళ్లిద్దరినే పంపాడు.

నలభై దాటింది. నలభై అయిదు. యాభై. కాళ్ల కింద ఏమీ లేదు. గేర్ రాడ్ పాతిన గుంజలా నిలబడి ఉంది. బాటిల్‌లో నీళ్లు గీత గీసినట్టు నిలిచాయి. స్టీరింగ్ మీద సీనివాసన్ కుడి చెయ్యి, బొటనవేలి దగ్గర మొదలై మణికట్టు దాకా, ఆగకుండా వణుకుతోంది. గోమతి రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. ఆయన మాత్రం తన చేతిని చూసుకున్నాడు.

స్పిన్నింగ్ మిల్లు గోడ పక్కన బండి ఆపాడు. ఇంజన్ ఆపి, రెండు చేతులూ తొడల మీద అదిమి పెట్టుకున్నాడు.

"బండి బాగైనాది," అన్నాడు.

"ఆమా."

మిల్లులో షిఫ్టు వదిలారు. మనుషులు బస్సు కోసం గుంపులుగా దాటిపోయారు. అంతమందీ పోయేదాకా ఆయన ఆగాడు.

"బాణాలు ఎప్పుడు చూసినావు?"

"అతను దూర్చినప్పుడే."

"నేను కూడా అప్పుడే చూసినాను," అన్నాడు సీనివాసన్.

ఆయన ఫోన్ తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. "సత్యకు చెయ్యి. తను పనిచేసే కంపెనీలో ఎన్నింటికి వదులుతారో అడుగు. ఇంటిదాకా బస్సులో పోవద్దని, ఇక్కడ దిగమని చెప్పు."

సత్యప్రియ అయిదున్నరకు టౌన్ బస్సు దిగి వచ్చింది. తండ్రి అప్పటికే అవతలి తలుపు పక్కకు జరిగి కూర్చున్నాడు. ఆమె కారణం అడగలేదు. డ్రైవర్ సీటు ముందుకు లాక్కుని, అద్దం సరిచేసుకుని, "పొద్దున వాళ్లను తోటలో దింపి వచ్చినాక కంపెనీకి పోతాను. టైం సరిపోతుంది," అంది.

"సెకండ్ గేర్ తొందరగా వేయొద్దు. కాస్త నిలిపి వెయ్యి, దానికదే పడుతుంది."

"తెలుసు నాయనా."

"డాక్టర్ దగ్గరకు శనివారం పోదాం," అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

బండి కదిలింది. చప్పుడు లేకుండా మిల్లు గోడ వెనక్కి జరిగింది. కొంత దూరం పోయాక సీనివాసన్ భార్య వైపు తిరిగాడు.

"వీరమ్మాళ్‌కు చెప్పు, రేపటి నుంచి ఊయల లేదని."