ఎడమ చేతి నారగుడ్డ

శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు తైపేలో అధ్యక్ష భవనం ఎదుటి వీధి నుంచి గంజాయి ఊరేగింపు బయలుదేరింది. గంజాయిని చట్టబద్ధం చేయాలని అడిగేవాళ్లు ఏటా నడిచే నడక అది. చివరి వరస వెనక కొన్ని బారల ఖాళీ వదిలి కావ్ స్యూమాన్ ఒక్కతే నడిచింది.

ఆమె చొక్కా ఎడమ చేతికి అగ్గిపెట్టెంత నారగుడ్డ గుచ్చి ఉంది. తండ్రి పోయిన బిడ్డలు పెట్టుకునే గుర్తు. నూరో రోజున అన్నాచెల్లెళ్లు కలిసి దాన్ని తీసి నిప్పులో వేస్తారు. అందాకా వేడుకల్లోకి వెళ్లకూడదు. మధ్యలో తీస్తే మళ్లీ పెట్టుకోకూడదు. నూరో రోజు మర్నాడే.

తండ్రి వాన్చీ సిటీ బస్సు నడిపేవాడు. క్యాన్సర్ ఎముకల్లోకి పాకాక ఏ మందుకూ నొప్పి ఆగలేదు. గంజాయితో చేసే మందు ఉందని ఎక్కడో చదివి డాక్టరును అడిగాడు. చట్టం ఒప్పుకోదు, అది నా చేతుల్లో లేదన్నాడు డాక్టరు. కిందటేడు వాన్చీ ఇదే ఊరేగింపుకు చక్రాల కుర్చీలో వచ్చాడు. తిరిగి వెళ్లేటప్పుడు, "వచ్చే ఏడు నడిచే వస్తాను. నేను లేకపోతే నా నడక నువ్వు నడువు" అన్నాడు. సరేనంది స్యూమాన్.

ఆ సంగతి ముందురోజు అన్నం దగ్గర అన్నకు చెప్పింది. తింగ్‌ఫా ట్రాఫిక్ పోలీసు.

"బుద్ధుందా? నాన్న పోయి వంద రోజులు నిండలేదు, పాటల దగ్గరికి పోతావా?"

"పాటల కోసం కాదన్నా. మాటిచ్చాను."

"పోతే ఆ గుడ్డ తీసేసి పో. పదిమంది వేడుకలో మైల కలపకు. తీశావంటే మాత్రం ఎల్లుండి నిప్పు దగ్గరికి రాకు."

"తీయను. పోవడం మానను."

"మొండిఘటం. అచ్చం ఆయనే." గిన్నె పక్కకు నెట్టి లేచిపోయాడు.

వేడుకలో మైల కలపకూడదనే ఆ ఖాళీ. ముందు ఇరవైమంది గంజాయి ఆకు బొమ్మ ఉన్న పెద్ద బ్యానరును పట్టుకుని నడుస్తున్నారు. ఎవరూ ఏమీ కాల్చడం లేదు. పక్కన పోలీసులు వీడియో తీస్తున్నారు. స్యూమాన్ చేతిలో తండ్రి కిందటేడు రాసిన అట్ట ఉంది: నొప్పి నాది, చట్టం మీది.

కిందటేడు పరిచయమైన నిర్వాహకురాలు యూచింగ్ మైకుతో వెనక్కి వచ్చింది.

"అక్కా, ముందుకు రండి. ఆ అట్ట కెమెరాలకు కనబడాలి." అప్పుడు చేతి వైపు చూసి ఆగింది. "నాన్నగారా?"

"జనవరిలో."

"అయితే నేనూ మీతో నడుస్తా."

"వద్దమ్మా. ఇంట్లో చంటిపిల్ల ఉందన్నావుగా, మైల తగలకూడదు."

యూచింగ్ తల వంచి వెళ్లింది.

ఊరేగింపు మైదానం చేరాక పాటలు మొదలయ్యాయి. స్యూమాన్ మైదానం చుట్టూ కట్టిన తాడుకు ఇవతలే నిలబడింది. కంపు టోఫు, అంటే పులియబెట్టిన సోయా జున్ను, అమ్మే ముసలావిడ ఆమె చేతి గుడ్డ చూసి ఆగమన్నట్టు చెయ్యి ఊపింది.

"అక్కడే ఆగు తల్లీ! ఇప్పుడే కొట్టు తెరిచా."

"నేనేం రావడం లేదు పెద్దమ్మా."

ఆవిడే గిన్నె తెచ్చి కాలిబాట అంచున పెట్టింది. "తిను. నీ చేతి డబ్బు ఇవాళ తీసుకోను. గిన్నె కూడా తిరిగివ్వకు." చేతి వైపు చూసింది. "ఆ గుడ్డ ఎక్కడిది?"

"మా నానమ్మ నేసింది. పాతది."

"అయితే గంజాయి నారే. పాతరోజుల్లో వీటిని దాంతోనే నేసేవాళ్లు. వీళ్లందరూ బొమ్మలేసుకుని వచ్చారు. అసలు మొక్కను తెచ్చింది నువ్వొక్కదానివే. పోలీసులు చూస్తారు, జాగ్రత్త!"

వంద రోజుల్లో మొదటిసారి స్యూమాన్ నవ్వింది.

ఇంటికి పోవడానికి రోడ్డు దాటబోతే కూడలిలో తింగ్‌ఫా విజిల్ వేస్తున్నాడు. అతని యూనిఫాం చేతికి గుడ్డ లేదు.

"నీదేది, అన్నా?"

"యూనిఫాం మీద పెట్టనివ్వరు."

"అంటే తీశావు."

తింగ్‌ఫా ఒక స్కూటరును ఆపాడు, దాటేవాళ్లను పంపాడు. తర్వాత జేబు గుండీ విప్పి మూత ఎత్తాడు. గుడ్డ లోపల గుచ్చి ఉంది.

"చొక్కా మార్చినప్పుడల్లా తీసి మళ్లీ గుచ్చుతా. ఎన్నిసార్లో నాకే తెలీదు."

"మరి నన్నెందుకు నిప్పు దగ్గరికి రావద్దన్నావు?"

"నడవమని నిన్నడిగాడు. నన్నడగలేదు."

"నువ్వు పోలీసువి. నిన్నెలా అడుగుతాడు?"

"అదే. నేనెప్పుడూ రోడ్డుకు ఈ పక్క." అట్ట వైపు చూశాడు. "ఆయన రాతేనా?"

"ఆయనదే."

"రేపు వచ్చేటప్పుడు పట్రా. ఇప్పుడు దాటు, సిగ్నల్ పడుతుంది."

ఆదివారం పొద్దున, ఇంట్లో పూజకు పెట్టిన తండ్రి పేరున్న చెక్క ముందు ఇనప మూకుడులో నిప్పు వేశారు. తింగ్‌ఫా జేబులోంచి, స్యూమాన్ చేతి మీంచి గుడ్డలు తీశారు. రెండూ ఒకేసారి వేశారు. అట్టను నిప్పులో వేయలేదు. అది తింగ్‌ఫా గదిలో, యూనిఫాం తగిలించే మేకుకు వేలాడుతోంది.