నా మాట వినే ఇల్లు

బాత్రూములో కుళాయి ఎలా కట్టేయాలో మా ఆయనకు నేర్పిస్తున్నాను, పెళ్ళయిన పదకొండేళ్ళకు.

"ముందు కుడివైపు తిప్పండి. పూర్తిగా కాదు, కాస్త బిగుసుకున్నట్టు అనిపించగానే ఆగాలి. అక్కడ కొంచెం పైకి లాగి ఇంకో సగం చుట్టు తిప్పాలి. తర్వాత ఈ దారం రెండు చుట్లు చుట్టి కింద పైపుకి కట్టాలి."

"ఇదేం కుళాయే బాబూ, దీనికో డిగ్రీ కావాలేమో!" అని ఆయన నవ్వారు. ఆయన తిప్పితే నీళ్ళు ఆగలేదు. నేను తిప్పితే ఆగాయి. "నీ చేతిలో ఏదో ఉందే" అని టవలు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు లోపల ఒక చిన్న సంతోషం. అబద్ధమెందుకు చెప్పాలి, ఆ రోజూ కలిగింది.

మర్నాడు పొద్దున్నే నేను నాలుగు రోజుల శిక్షణకు వేరే ఊరు వెళ్ళాలి. నేనొక ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తాను. రోజుకు ఆరువందల దుప్పట్లు, వాటికి తగ్గ దిండు గలేబులు, ఆపరేషన్ గది నుంచి వచ్చే ఆకుపచ్చ గుడ్డలు. అక్కడ సూపర్‌వైజరు కుర్చీ ఖాళీ అయినప్పుడల్లా ఒకరిని ఈ శిక్షణకు పంపుతారు. మొదటిసారి నా పేరు వచ్చినప్పుడు అమ్మాయికి జ్వరం. రెండోసారి అత్తయ్యగారికి కాలు బెణికింది. రెండుసార్లూ నేనే మానుకున్నాను. రెండుసార్లూ నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే నా పైన సూపర్‌వైజర్లయ్యారు. ఇది మూడోసారి. ఒక్క పూట క్లాసు తప్పినా సర్టిఫికెట్ ఇవ్వరని కాగితం మీద స్పష్టంగా రాసి ఉంది. నాలుగోసారి పిలుస్తారన్న ఆశ నాకు లేదు.

మా ఇంట్లో వస్తువులన్నీ నా మాటే వింటాయి. బీరువా తలుపును కింద కాలితో ఎత్తిపట్టి పైన అరచేత్తో ఒక్కటిస్తే తెరుచుకుంటుంది. వంటింటి కిటికీ మూయాలంటే రెక్కకీ చట్రానికీ మధ్య అట్టముక్క మడిచి పెట్టాలి. ఇవన్నీ ఎప్పుడో ఒకప్పుడు పాడయ్యాయి. పాడైన ప్రతిసారీ ఆయనకు చెప్పాను. "చూద్దాంలే" అన్నారు. ఆయన చూసేదాకా పిల్ల స్నానం ఆగదు, వంట ఆగదు, నా డ్యూటీ అసలే ఆగదు. అందుకని నేనే ఏదో ఒక కిటుకు కనిపెట్టేదాన్ని. ఆ తర్వాత ఆయన చూడాల్సిన అవసరమే వచ్చేది కాదు. అత్తయ్యగారు పక్కింటివాళ్ళతో "మా కోడలు మహా నేర్పరి, దేన్నైనా ఎలాగోలా లాక్కొస్తుంది" అంటుంటారు. ఆవిడ నోటి నుంచి నా గురించి వచ్చే మంచిమాట అదొక్కటే. అందుకే భద్రంగా దాచుకునేదాన్ని.

శిక్షణ మొదటిరోజే ఇంటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. బీరువా తెరుచుకోవడం లేదట. క్లాసులోంచి వరండాలోకి వచ్చి, ఎక్కడ కాలు పెట్టాలో ఎక్కడ కొట్టాలో గుసగుసగా చెప్పాను. రెండోరోజు పొద్దున స్టవ్. దాని నాబ్ విరిగి ఆరేళ్ళయింది. మిగిలిన మొండిని కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని, లోపలికి నొక్కుతూ తిప్పాలి. ఆయనకు ప్లేయర్ జారి వేలికి తగిలిందట. "నువ్వు రోజూ దీంతోనా వండేది?" అన్నారు ఆశ్చర్యంగా. అదే ఇంట్లో, ఆ స్టవ్‌కు నాలుగడుగుల దూరంలో కూర్చుని రోజూ టీ తాగే మనిషి.

ఆ రోజు మధ్యాహ్నం ట్రైనరు మేడమ్ ఒక్కొక్కరినీ లేపి, మీ పనిలో తెలివిగా పరిష్కరించిన సమస్య ఒకటి చెప్పమంది. యాభై దాటిన మనిషి, మాట్లాడితే పెద్దక్క మందలిస్తున్నట్టు ఉంటుంది. నా వంతు రాగానే మా లాండ్రీలో బట్టలుతికే మూడో నంబరు మిషను సంగతి చెప్పాను. దాని తలుపు సరిగ్గా పడదు, పడకపోతే మిషను తిరగదు. నేను ఏం చేస్తానంటే, తలుపు సందులో నాలుగు మడతల గుడ్డ పెట్టి, మోకాలితో గట్టిగా అదిమి, పది లెక్కపెట్టి బటన్ నొక్కుతాను. అంతే, బుద్ధిగా తిరుగుతుంది. మా మేనేజరు అందరికీ చెప్తుంటాడు, "ఆవిడ ఉండగా మెకానిక్ దండగ" అని. ఆ మాట కూడా చెప్పాను. క్లాసంతా చప్పట్లు కొట్టింది. నేను నిజంగానే గాల్లో తేలాను.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది మేడమ్.

"మూడేళ్ళండీ."

"మెకానిక్ ఎన్నిసార్లు వచ్చాడు?"

"ఒక్కసారి కూడా రాలేదండీ. రావాల్సిన అవసరమే రానివ్వలేదు."

"మరి మీ ఆఫీసు కాగితాల్లో ఆ మిషను ఎలా ఉన్నట్టు?"

ఒక్క క్షణం ఆలోచించాను. "బాగున్నట్టేనండీ."

"మీ మోకాలు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మేడమ్ మాత్రం నవ్వలేదు. "చూడమ్మా, నీ తెలివికి వంక పెట్టడం లేదు. ఆ రోజుకు పని ఆగకుండా చూశావు, మంచిదే. కానీ మర్నాడు కూడా నువ్వే మోకాలు పెట్టావు. మిషను పాడైందని నీకు తప్ప ఎవరికీ తెలియకుండా మూడేళ్ళు కాపాడావు. ఎవరిని కాపాడావో కాస్త ఆలోచించుకో" అని పక్కామెను లేపింది.

నాకు చాలా కోపం వచ్చింది. ఏసీ గదిలో నిలబడి చెప్పడం ఎవరికైనా తేలికే అనుకున్నాను. టీ విరామంలో బాత్రూముకు వెళ్ళి తలుపు వేసుకుని మోకాలు చూసుకున్నాను. రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ, చుట్టూ పసుపు పచ్చగా కమిలి ఉంది. అది నాకు కొత్త కాదు, రోజూ నూనె రాసుకుంటూనే ఉన్నాను. ఆ నూనె రాయడం కూడా ఒక కిటుకే కదా అనిపించింది. నేను ఇన్నేళ్ళూ సమస్యలు పరిష్కరిస్తున్నాననుకున్నాను. నిజానికి ఒక్కటీ పోలేదు. కుళాయి అక్కడే ఉంది, స్టవ్ అక్కడే ఉంది, మిషను అక్కడే ఉంది. వాటిని మా ఆయనకూ మేనేజరుకూ కనపడకుండా నా ఒంటితో కప్పి నిలబడ్డాను. వాళ్ళు నిర్లక్ష్యం చేశారనడం నిజమే. కానీ వాళ్ళ నిర్లక్ష్యం సాఫీగా సాగేలా చూసింది మాత్రం నేనే. ఆ మాట మింగుడు పడలేదు. అక్కడే కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని క్లాసుకు వెళ్ళాను.

మూడోరోజు భోజనాల వేళ మళ్ళీ ఆయన ఫోను. వెనకాల అత్తయ్యగారి కేకలు.

"దారం తెగిపోయిందే! ఇల్లంతా నీళ్ళు. అమ్మ జారి పడబోయింది తెలుసా? నావల్ల కాదు, సాయంత్రం బస్సెక్కి వచ్చెయ్. ఒక్కరోజేగా మిగిలింది. వాళ్ళకేదో ఒకటి చెప్పి మేనేజ్ చెయ్యి, నీకవన్నీ వచ్చుగా."

నా బుర్ర అప్పటికే పరిగెత్తుతోంది. సైకిలు ట్యూబు ముక్క కోసి చుట్టొచ్చు. లేదా మూత పెట్టి గుడ్డ కూరొచ్చు. అవన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. వాటిని ఆపడానికి పట్టినంత కష్టం వాటిని కనిపెట్టడానికి ఎప్పుడూ పట్టలేదు.

"గేటు పక్కన మెయిన్ వాల్వు ఉంది, కట్టేయండి. ప్లంబరును పిలవండి" అన్నాను.

"ప్లంబరు నంబరేదీ?"

"నా దగ్గర లేదండీ. మనం ఎప్పుడూ పిలవలేదుగా."

"అంటే నువ్వు రావా?"

"రాను. రేపు క్లాసు ఉంది."

ఆయన ఫోను పెట్టేశారు. ఆ పూట క్లాసులో ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు. అత్తయ్యగారు నిజంగా పడితే? నా వల్లే కదా అంటారు, నేనూ అనుకుంటాను. అయినా కుర్చీలోంచి లేవలేదు. హాజరు పట్టికలో సంతకం పెట్టి కూర్చున్నాను.

నాలుగోరోజు సర్టిఫికెట్ తీసుకుని బస్సెక్కాను. దారిలో నోటుపుస్తకం తీసి మేనేజరుకు అర్జీ రాయడం మొదలుపెట్టాను. "మూడో నంబరు మిషను మూడేళ్ళుగా పనిచేయడం లేదు." ఆ ఒక్క వాక్యం రాయడానికి మూడు స్టాపులు పట్టింది. నా మీద నేనే చాడీ చెప్పుకుంటున్నట్టుంది.

సాయంత్రానికి ఇంటికి చేరాను. అత్తయ్యగారు కులాసాగా సోఫాలో కూర్చుని ఉన్నారు. బాత్రూములో కొత్త కుళాయి తళతళలాడుతోంది. ఆయన దాన్ని వేలితో తిప్పి చూపించారు. "అరగంట పని! వీధి చివర షాపు వాడే వచ్చి వేసి వెళ్ళాడు. ఇంత చిన్నదానికి ఇన్నేళ్ళూ దారాలు కట్టావా? నాకొక్క మాట చెప్పొచ్చుగా."

ఒళ్ళు మండిపోయింది. చెప్పాను. ఇదే గుమ్మంలో నిలబడి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. కానీ చెప్పిన ప్రతిసారీ వెళ్ళి దారం కట్టింది కూడా నేనే. ఆయన విన్నది నా మాటను కాదు, ఆగిపోయిన నీళ్ళ చప్పుడును.

"సరేలే, ముందు స్టవ్ సంగతి చూడమ్మా" అన్నారు అత్తయ్యగారు. "రెండు రోజులుగా బయటి తిండి తిని నోరు చచ్చిపోయింది. కాసిని వేడినీళ్ళకు కూడా దిక్కు లేదు. నువ్వొచ్చావు, ఇక ఫర్వాలేదు."

నేను భుజం మీది సంచి ఇంకా దించలేదు. ఇంతలో మా అమ్మాయి వంటింట్లోకి పరిగెత్తింది. దానికి తొమ్మిదేళ్ళు. "నేను వెలిగిస్తా నానమ్మా! అమ్మ ఎలా తిప్పుతుందో నేను చూశాగా" అంటూ కటింగ్ ప్లేయర్ తీసి రెండు చేతులతో పట్టుకుంది.

"చూశావట్రా, అచ్చం తల్లి నేర్పే!" అని అత్తయ్యగారు మురిసిపోయారు. మా ఆయన నవ్వారు. పిల్ల మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు నాకు బాగా తెలుసు. పదకొండేళ్ళు నన్ను నడిపించింది అదే.

వెళ్ళి దాని చేతిలోంచి ప్లేయర్ తీసుకున్నాను.

"స్టవ్ చెడిపోయిందమ్మా" అన్నాను.

"లేదమ్మా, నొక్కి తిప్పితే వస్తుంది. నువ్వు రోజూ..."

"చెడిపోయింది."

నాకూ ఆకలిగానే ఉంది. అయినా కుర్చీ లాక్కుని కూర్చుని, నొప్పిగా ఉన్న కాలు చాపుకున్నాను. అత్తయ్యగారు నన్నూ కొడుకునూ మార్చి మార్చి చూశారు. "మరి ఇప్పుడెలాగే?" అన్నారు ఆయన. నేను మోకాలు ఒత్తుకుంటూ కూర్చున్నాను. ఆయన కాసేపు నిలబడి నిలబడి, చొక్కా వేసుకుని, స్టవ్ రిపేరు షాపు మూసేస్తారేమోనని గబగబా మెట్లు దిగారు. ఆరేళ్ళుగా పనిచేయని స్టవ్, మా ఇంట్లో ఆ సాయంత్రం చెడిపోయింది.