తాటిచెట్ల గట్టు

చిత్తూరు సర్వే ఆఫీసులో లోకేశ్వరి కుర్చీకి ఒక చెయ్యి లేదు, ఆమె ఉద్యోగానికి పర్మినెంటు లేదు. కాంట్రాక్టు మీద ఇది తొమ్మిదో ఏడు. రోజూ తిరుపతిలో ఆరున్నర బస్సెక్కి, పూతలపట్టు దాకా కిటికీకి తల ఆనించి కునికి, తొమ్మిదింటికల్లా కంప్యూటరు ముందు కూర్చుంటుంది. సాయంత్రం మళ్లీ అదే బస్సు. ఈ మధ్య ఆదివారాలు కూడా ఆమెకు ఒళ్లు తేలికపడటం లేదు.

ఆ రోజు అప్పజెప్పిన పని వినడానికి ముచ్చటగానే ఉంది. ఇన్నాళ్లూ పొలాల పటాల కింద ఆకాశం నుంచి తీసిన నల్లతెలుపు ఫోటోలు కనిపించేవి. ఇకమీదట వాటి బదులు రంగుల ఫోటోలు వచ్చేటట్టు, పటాల సాఫ్ట్‌వేర్‌ను పై ఆఫీసు సర్వరుకు కలపాలి. ఉత్తర్వులో ‘ఐదు నిమిషాల్లో చేసుకోవచ్చు’ అని రాశారు. రాసిన మహానుభావుడు జన్మలో ఆ పని చేసి ఉండడు.

పదింటి నుంచి ఆమె పక్కన స్టూలు మీద మునస్వామి కూర్చుని ఉన్నాడు. పూతలపట్టు దగ్గరి పల్లె, డెబ్బై ఏళ్ల రైతు. ఆఫీసుకు రావడం ఇది ఆరోసారి.

“రంగు వచ్చిందా అమ్మా?”

“ఇంకా లేదు పెద్దాయనా. కొంచెం ఓర్చుకో.”

“ఓర్చుకోకుండా యాడికి పోతానమ్మా. మీ కొత్త పటంలో గీత మా గట్టుకు పది గజాలు ఇవతల పడుండాది. మా నాయనే హద్దురాళ్లు పీకి గట్టు జరిపి, పక్కోళ్ల నేలలో తాటిచెట్లు నాటినాడని ఊరంతా అంటా ఉండారు. ఆయన తవ్విన బావి గూడా ఇప్పుడు పక్క పొలం ఢిల్లీబాబు వైపుకు పోయినాది. సోమవారం కంచె ఏస్తానని స్తంభాలు దించినాడు. రంగుల్లో అయితే నిజం తేలతాదని ఎవరో సెప్తే వచ్చినాను.”

కొత్త పటం మీద అభ్యంతరం రాసివ్వడానికి ఆ సాయంత్రం ఐదింటి వరకే గడువు. ఆ తర్వాత గీత గీతే, బావి ఢిల్లీబాబుదే. కాదనాలంటే కోర్టుకెక్కాలి.

లోకేశ్వరి సర్వరు చిరునామా ఎక్కించింది. రైలుబండంత పొడుగుంది. యూజరు పేరు, పాస్‌వర్డు కొట్టింది. తెరంతా బూడిదరంగు. హెల్ప్‌లైనుకు ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పాట వినిపించి, చివరికొక అబ్బాయి చిరునామా కొసన ఉన్న ఏటవాలు గీత తీసెయ్యమన్నాడు. తీసేసింది. ఫోటో వచ్చింది గానీ, ఎర్రనేలంతా నీలంగా, చెరువు ఎర్రగా ఉంది.

“ఇదేందమ్మా, చెరువులో కుంకం కలిపినట్టుండాది!” అన్నాడు మునస్వామి.

నవ్వడానికి కూడా ఆమెకు ఓపిక లేదు. ఎరుపు, నీలం ఒకదాని చోట ఒకటి పడ్డాయి. సెట్టింగుల్లోకి వెళ్లి వరుస మార్చేసరికి మూడు దాటింది. అప్పటికి నేల నేలలాగా, చెరువు చెరువులాగా కనిపించాయి.

మునస్వామి పొలం వెతికి పెద్దది చేసింది. ఎర్రమట్టి గట్టు, దాని మీద పచ్చటి తాటితలలు వరసగా ఉన్నాయి. వాటికి పడమరగా పది గజాల దూరంలో నేల మీద నల్లటి గుండ్రటి మచ్చలు, అవీ వరసగానే ఉన్నాయి. పొద్దుటి ఎండలో తాటితలల నీడలవి. సర్వే గీత సరిగ్గా ఆ నీడల మీదుగా పోతోంది. బావి, గట్టుకూ నీడలకూ నడుమ ఉంది.

లోకేశ్వరి తెర దగ్గరికి వంగింది. నల్లతెలుపు ఫోటోలో చెట్లు మసకగా, నీడలు చిక్కగా కనిపిస్తాయి. ఎవరో నీడలనే చెట్లనుకున్నారు. గీత మీద నొక్కితే గీసినవారి పేరు వచ్చింది. అది ఆమె పేరే. రెండేళ్ల కిందట నెలలో నలభై ఊళ్లు ముగించమని తరిమినప్పుడు, కళ్లు మంటలెత్తుతుంటే గీసిన గీత. ఊరికి పోయి సరిచూడటానికి ఆ నెలంతా జీపు దొరకలేదు.

లేచి సూపరింటెండెంటు గిరిప్రసాద్ గదిలోకి వెళ్లి చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి మొహం రుద్దుకున్నాడు.

“ఆ వరసలో పద్దెనిమిది పొలాలుండాయి. అన్నిటికీ సంతకాలైపోయినాయి. ఇప్పుడు తిరగదోడితే నీ మెడకూ, నా మెడకూ సుట్టుకుంటాది. ఆ రంగుల ఫోటోనే పది గజాలు జరిపి గీతకు కూర్చోబెట్టు. సాఫ్ట్‌వేర్‌లో ఆ వసతి ఉండాది గదా. నీ కాంట్రాక్టు పొడిగింపు కాగితం నా టేబుల్ మీదనే ఉండాది లోకేశ్వరీ, మరిసిపోవద్దు.”

బెదిరింపు కాదది. ఆయనా అలసిపోయినవాడే. జరపడం రెండు అంకెలు కొట్టే పని. లోకేశ్వరి తన చోటికి వచ్చి ఆ అంకెల పెట్టె తెరిచింది. ఇంటికి పోయి పడుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. పక్కన మునస్వామి తెర మీది పచ్చటి తాటితలలను వేలితో ఒక్కొక్కటే లెక్కపెడుతున్నాడు.

“పదకొండు. మా నాయన నాటినవన్నీ ఉండాయమ్మా.”

ఆమె పెట్టె మూసేసింది.

“పెద్దాయనా, గట్టు మీ నాయన జరపలేదు. నేను జరిపినాను. చెట్లనుకొని నీడల మీద గీత గీసినాను. తప్పు నాది.”

అరుస్తాడనుకుంది. నలుగురినీ పిలుస్తాడనుకుంది. ఆయన వేలు తెర మీంచి తీసి ఆమె వైపు తిరిగాడు.

“అయితే మా నాయన ఏం జెయ్యలేదా?”

“ఏమీ చెయ్యలేదు.”

మునస్వామి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“ఊరోళ్లు అంటే అన్నార్లే అమ్మా. రెండేండ్లుగా నేను గూడా అట్లే అనుకొన్నాను. కంప్యూటరు అబద్ధం సెప్తాదా అని. మొన్న తద్దినంలో పిండం పెడతా, ఎందుకిట్లా జేస్తివి నాయనా అని అడిగినాను.”

దాన్ని దిద్దడానికి ఏ సెట్టింగూ లేదు. లోకేశ్వరి సొరుగు లాగి అభ్యంతరం కాగితం తీసింది. కారణం అన్నచోట తప్పు ఎలా జరిగిందో, ఎవరు చేశారో రాసి, కింద సంతకం పెట్టింది. టైము నాలుగున్నర. పైన రైతు పేరు నింపి, తర్వాతి గడి దగ్గర ఆగింది.

“మీ నాయన పేరు?”

మునస్వామి స్టూలు మీంచి లేచి, నిలబడి చెప్పాడు.

“చెంగల్రాయుడు.”