ఒక్కరి సీటు

సుద్దపొడి చల్లిన స్పాంజి దిమ్మ మీద పాలవాడు కూర్చుని లేచాడు. పొడి అతని ప్యాంటుకు అంటుకుపోయి, బరువు పడినంత మేరా దిమ్మ అసలు రంగు బయటపడింది. సీట్లక్క వంగి చూసి, ఆ మచ్చ అంచు వెంట పెన్సిలు గీత గీసింది.

"ఎడం పక్కకి ఒరుగుతున్నావు. నడుం నొప్పా?"

"ఎవరు చెప్పారక్కా?"

"నువ్వే, ఇప్పుడే. నోటితో కాదులే."

ముప్పై ఆరేళ్ళుగా బండ్లకి సీట్లు కుట్టడమే ఆమె పని. మనిషిని కూర్చోబెట్టడం, మచ్చ చూడడం, దాని ప్రకారం స్పాంజి కోసి, పైన రెక్సిన్ కుట్టడం. ముఖాలు మరిచిపోతుందేమో గానీ ఎవరు ఎలా కూర్చుంటారో మరిచిపోదు. ఇన్ని సీట్లు కుట్టిన మనిషి బండెక్కి ఎక్కడికైనా వెళ్ళిందంటే అది మొగుడు బతికున్న రోజుల్లోనే. అదీ వెనక, ఒక పక్కకి తిరిగి, అతను ఆపిన చోట దిగడానికి.

పాలవాడు వెళ్ళగానే కొడుకు వచ్చాడు. గుమ్మం దాటకుండానే మొదలుపెట్టాడు.

"అమ్మా, ఇప్పటికైనా మించిపోయింది లేదు. నువ్వు కొన్న ఆ బండి వద్దని షోరూములో చెప్పెయ్. నీ గుండె గురించి డాక్టరు ఏమన్నాడో గుర్తుందా?"

"మెట్లెక్కొద్దన్నాడు. బండికి మెట్లుండవు."

"జనం నవ్విపోతారే."

"నవ్వనీరా. కనపడేది వాళ్ళ పళ్ళేగా."

వాడు తల పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమె కత్తెర మేకుకి తగిలించి, షట్టరు సగం దించి బండ్ల షోరూముకి నడిచింది. దారిలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

షోరూములో అమ్మకాల మనిషి ఆమెను చూసి, "సీటు చిరిగిందని కబురెట్టింది ఎవరక్కా? ఏ బండికి?" అన్నాడు.

"చిరగలేదు. ఆ మూలనున్న ఆకుపచ్చది బయటికి తియ్యి. నాది."

అతను కాగితాలు చూసి నాలిక కరుచుకున్నాడు. బండి నడుం ఎత్తు కూడా లేదు. బొద్దుగా ట్యాంకు, గుండ్రటి దీపం, బుల్లి చక్రాలు. ఎప్పుడో తయారీ ఆగిపోయిన ఓ చిన్న బండికి అచ్చుగుద్దిన నకలు. అసలుది ఇప్పుడు దొరికితే ఆ ధరకి ఇల్లే కొనుక్కోవచ్చు. నకలు మాత్రం కుట్టుకూలిలో కాస్త వెనకేసుకున్న మనిషికి అందుతుంది. అందింది కూడా.

రెండు నెలల పాటు మధ్యాహ్నం పూట ఖాళీ సంత మైదానంలో పక్కకొట్టు మెకానిక్ దగ్గర నేర్చుకున్న విద్య వృథా పోలేదు. రెండు పాదాలూ నేలకి ఆనుతుంటే, తన కొట్టు దాకా తనే నడుపుకుంటూ వచ్చింది. వచ్చీ రాగానే కంపెనీ సీటు ఊడదీసి మూలన పడేసింది. ఆ కుట్టు ఆమె కంటికి ఆనలేదు.

అప్పటికి ప్లీడరుగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయన ఇంట్లో అసలు బండి ఉంది, అద్దాల గదిలో. దాని సీటు ఆమే కుట్టింది, మూడుసార్లు. మూడుసార్లూ కుదిరిందో లేదో చూద్దామని కూర్చోబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. ఆ చెయ్యి ఆమెకు ఇప్పటికీ గుర్తే.

"సరదాగా ఉందమ్మా," అన్నారాయన. "కాకపోతే నకిలీ."

"మీ దాని చక్రాలు మార్చారు. ట్యాంకు రంగు మార్చారు. సీటు నేను మార్చాను. అయినా అది అసలుదే, కాదనను. కానీ కదలదు. నాది నకలే బాబుగారూ. సాయంత్రం కొండ మలుపు దాకా పోతుంది."

ఆయన నవ్వబోయి ఆగి, పని గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయారు. ఆమెకు భలే తృప్తిగా అనిపించింది.

కొత్త దిమ్మ మీద సుద్దపొడి చల్లి, ఈసారి తనే కూర్చుంది. లేచి చూసుకుంది. ఇన్నేళ్ళు ఒక పక్కకి తిరిగి కూర్చున్న ఒళ్ళు, తప్పకుండా ఒరిగే ఉంటుందనుకుంది. మచ్చ చిన్నదే గానీ సరిగ్గా నడిమధ్యన పడింది. ఆమెకు కళ్ళు చెమర్చాయి.

మెకానిక్ తొంగి చూశాడు. "ఇంకాస్త పొడుగు పెట్టక్కా. వెనక మనవరాలు కూర్చుంటుంది."

"వెనక కూర్చోవడం ఎలా ఉంటుందో నేను చూశాను. దానికి కావాలంటే దాని బండి అది కొనుక్కుంటుంది."

ఒక్కరికే కోసింది. నల్ల రెక్సిన్ చుట్టి, జంట కుట్టు వేసి, బిగించేసరికి ఎండ తగ్గింది. సుద్ద అంటిన బట్టలు దులుపుకోకుండానే బయల్దేరింది.

కొండ దారిలో లారీలు, బస్సులు అన్నీ ఆమెను దాటిపోయాయి. పోనిచ్చింది. బండి గొణుక్కుంటూ ఎక్కింది గానీ ఎక్కడా ఆగలేదు. మలుపు దగ్గర దిగి, స్టాండు వేసి, టీ బండి మనిషికి ఒక టీ చెప్పి, పిట్టగోడ మీద స్తంభానికి ఆనుకుని కూర్చుంది. కింద ఊరంతా కనపడుతోంది. తన కొట్టు ఎక్కడుందో వెతుక్కుంది. ఛాతీలో బరువుగా అనిపించింది. లెమ్మని చెప్పేవాళ్ళు లేరు కాబట్టి అలాగే కూర్చుంది.

టీ తెచ్చిన మనిషి రెండుసార్లు పిలిచాడు. తర్వాత గ్లాసు గోడ మీద పెట్టి, జేబులోంచి ఫోను తీశాడు.

కొడుకూ మెకానిక్కూ వచ్చి, అప్పటికే చల్లబడిపోయిన ఆమెను కారులో పడుకోబెట్టారు. చేరిన వాళ్ళలో ఒకడు, "ఈ వయసులో ఈ బొమ్మ బండి ఎందుకో," అన్నాడు.

"పైదాకా తనే నడుపుకుంటూ వచ్చింది," అన్నాడు కొడుకు.

"బండి నువ్వు తీసుకొస్తావా?" అని మెకానిక్ అడిగాడు. కొడుకు హ్యాండిల్ పట్టుకుని కాలు ఎత్తాడు, సీటు వైపు చూశాడు, కాలు దించేశాడు. స్టాండు తీసి, పక్కన నడుస్తూ, బండిని మెల్లగా దిగువకి తోసుకెళ్ళాడు. నల్ల రెక్సిన్ మీద నడిమధ్యన, ఒక్కరు కూర్చున్నంత మేర, తెల్లగా సుద్ద అంటుకుని ఉంది.